డోలా వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు

ఆ ఆదివారం వామన్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్మా తినాలి, నడుచుకుంటూ ఆబిడ్స్ వెళ్లాలి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలన్నీ తిరగేసి ఒక్కటి కూడా కొనకుండా తిరిగి రావాలి. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి. భార్య అనసూయకూ అభ్యంతరం లేదు. ఆయన ఇంట్లో లేకపోతే ఇల్లు ఊడ్చుకోవడం సులువు.

చెప్పులు వేసుకుంటుండగా గేటు దగ్గర గల్లీ మసీదు సెక్రటరీ ఇఫ్తెఖార్ సాబ్ కనిపించాడు.

"రావ్ సాబ్, జర ఒక మేర్బానీ చెయ్యాలె. రంజాన్ వస్తున్నది గదా, మసీదుకు సున్నం ఏపిస్తున్నం. సామాన్ల కమ్రా ఖాళీ చెయ్యాలె. ఒక్క వస్తువు మీ వరండాల పెడ్తం. పొద్దుమీకి తీస్కపోతం."

"దాన్కేముంది సాబ్, పెట్టున్రి," అన్నాడు వామన్‌రావు.

వస్తువేమిటని అడగలేదు. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోతే ఆ మసీదు నల్లా నుంచే వీళ్లింటికి పైపు వేసుకున్నారు. నీళ్లు తాగిన మొహమాటం అలాంటిది.

కాసేపటికి వస్తువు నలుగురి భుజాల మీద వచ్చింది. అది డోలా. నాంపల్లి స్టేషన్ వెనక ఆ గల్లీలో ముస్లింల ఇళ్లలో ఎవరు పోయినా మసీదు నుంచి వచ్చే చెక్క మంచం. దాని మీద పడుకుని వెళ్లినవాళ్లు తిరిగి రారు, అది మాత్రం తిరిగొచ్చి తన గదిలో గోడకు ఆనుకుని నిలబడుతుంది. మోసినవాళ్లు రెండోసారి తిరగడం ఎందుకని మసీదులోని పాత తివాచీని కూడా పొడుగ్గా చుట్టి అందులోనే పడుకోబెట్టి తెచ్చారు. దించారు, కూలి తీసుకుని వేరే పనికి వెళ్లిపోయారు.

"ఏందిది?" అంది అనసూయ.

"డోలా."

"గది నాకెర్కనే. మనింట్ల ఎందుకున్నదని అడుగుతున్న."

"పొద్దుమీకి దాకనే అనసూయా."

"పొద్దుమీకి లోపల దానికి ఎవరు కావాలె అనిపిస్తదో ఎవలకెర్క!"

ఆమెకు దాన్ని చూస్తూ పని చేయడం చేతకాలేదు. ఉతికిన తెల్ల దుప్పటి తెచ్చి, తివాచీ కనపడకుండా ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పి, అంచులు శుభ్రంగా లోపలికి దోపింది. అయినా భయం తగ్గక తలవైపున రెండు అగరుబత్తీలు వెలిగించింది. అప్పుడు వెనక్కి జరిగి చూసుకుంటే భయం రెట్టింపైంది. చీర మార్చుకుని వచ్చేసింది.

"నేను గౌలిగూడల మా చెల్లె తానికి పోతున్న. గది పోయినంకనే వస్త," అని తాళం వేసి, ఎప్పటిలాగే ఫోను ఫ్రిజ్ మీద మరిచిపోయి వెళ్లింది. వామన్‌రావు ఆబిడ్స్ దారి పట్టాడు. వరండాలో తెల్ల దుప్పటి కింద తివాచీ ఒక్కటే మిగిలింది.

మొదట చూసింది టీ కొట్టు అంజయ్య. గ్లాసులు తీసుకెళ్దామని వచ్చి గేటు లోంచి తొంగి చూశాడు. డోలా, దుప్పటి, పొగ. ఇంటికి తాళం. అంజయ్య గ్లాసుల సంగతి మరిచిపోయి మసీదుకు పరుగెత్తాడు.

"సాబ్, వామన్‌రావు సార్ ఇంట్ల ఎవరో పోయిన్రు. డోలాల పండవెట్టిన్రు!"

ఇఫ్తెఖార్ సాబ్ ఆలోచించాడు. వామన్‌రావు వాళ్లలో ఎవరైనా పోతే డోలాలో ఎందుకు పడుకోబెడతారు? ఆ ఇంట్లో డోలా అవసరమయ్యే మనిషి ఒక్కరే ఉన్నారు. మేడ మీద గదిలో కిరాయికి ఉంటున్న గౌసియా ఆపా. పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. కళ్లు సరిగా కనిపించకపోయినా ఇంకా జాకెట్లు కుడుతుంది. ఆయన ఆమెకు ఫోన్ చేశాడు. వచ్చి గేటు దగ్గర నిలబడి మళ్లీ చేశాడు. పైన తాళం వేసిన గదిలో ఫోన్ మోగింది. చాలాసేపు మోగి ఆగింది. ఆగాక గల్లీ అంతకు ముందుకన్నా నిశ్శబ్దంగా అనిపించింది.

"పొద్దుగాల డోలా ఎక్కడ పెట్టాల్నని అనుకుంటుంటే నా నోట్లకెళ్లి ఈ ఇల్లే ఎందుకొచ్చిందో ఇప్పుడు సమజైంది," అన్నాడాయన. "నేను పంపలేదు అంజయ్యా. గదే ఇల్లు ఎతుక్కుంట వచ్చింది."

ఆ మాట గల్లీలో ఆయనకన్నా ముందు నడిచింది. ఆపాను కిందికి దించి పడుకోబెట్టి, గదికి తాళం వేసి, అగరుబత్తీలు ముట్టించి, చుట్టాలకు కబురు చెప్పడానికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారని అందరూ నిర్ణయించేశారు. వాళ్లు మంచివాళ్లని రెండు కళ్లూ తుడుచుకున్నారు.

ఇక మసీదు కదిలింది. ఒక మనిషి పోతే ఆ మసీదు ఎలా పనిచేస్తుందో చూస్తే బతికున్నవాళ్లకు అసూయ పుడుతుంది. మైకులో ఆపా పేరు, ఆమె కోసం చేసే జనాజా నమాజు వేళ వినిపించాయి. శవానికి చుట్టే కఫన్ బట్ట వచ్చింది. పోయిన ఆడవాళ్లకు స్నానం చేయించే ఆమెకు కబురు వెళ్లింది. ఖబ్రస్తాన్‌లో గోరీ తవ్వడానికి పార దిగింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి వచ్చేపోయేవాళ్లకు ఎవరో అన్నం, దాల్చా వండిస్తున్నారు. టెంట్ హౌస్ సదాశివ చెప్పకముందే వచ్చి షామియానా కట్టాడు. ఎవరూ లేని మనిషి అని రోజూ అనుకునే గౌసియా ఆపాకు కుర్చీలు చాలలేదు.

అంతా ఉంది కానీ దుప్పటి ఎత్తి చూసిన మనిషి ఒక్కరూ లేరు. వరండాలో మగవాళ్లున్నారని ఆడవాళ్లు ఎదురింట్లో కూర్చున్నారు. మగవాళ్లేమో పరాయి ఆడమనిషి ముఖం చూడకూడదని, ముట్టుకోకూడదని దూరంగా నిలబడ్డారు. సొంత రక్తం వచ్చి లోపలికి చేర్చాలి. ఆమె సొంత రక్తం చాదర్‌ఘాట్‌లో ఉంది. తమ్ముడు రవూఫ్.

వాళ్లిద్దరి సంగతి గల్లీ అంతటికీ తెలుసు. చాలా ఏళ్ల కిందట వాళ్ల అమ్మ పోయినప్పుడు ఆపా గుల్బర్గాలో ఉంది. రైలు ఆలస్యమైంది. ఆమె వచ్చేసరికి రవూఫ్ అమ్మను మట్టిలో పెట్టేశాడు. "నాకు అమ్మ ముఖం చూపియ్యనోని ముఖం నేను చూడ," అంది ఆపా. "అయితే నేను నీ మయ్యత్‌కే, నీ శవానికి మట్టియ్యనీకే వస్త," అన్నాడు తమ్ముడు. ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. తనకు మట్టి ఇవ్వడానికైనా తమ్ముడు వస్తాడా రాడా అన్నది ఒక్కటే ఆపాకున్న దిగులు. మెట్ల మీద కూర్చుని అనసూయతో ఆ మాట చెప్పుకుని ఎన్నిసార్లు ఏడ్చిందో.

వామన్‌రావు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు షామియానా ఉంది. టోపీలు పెట్టుకున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో వచ్చి కౌగిలించుకున్నారు.

"సబర్ చెయ్యాలె, ఓర్సుకోవాలె రావ్ సాబ్."

ఆయన ఇంటి తాళం వైపు చూశాడు. "అనసూయకు..."

"భాభీ మీతాన లేదా? ఆపా పోయింది గదా."

బతుకు జీవుడా అనుకున్నాడు. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. తాను పాత పుస్తకాలు తిరగేస్తుండగా మేడ మీది మనిషి పోయింది. ఏడుపొచ్చింది. వరండాలో దుప్పటి కింద నిండు మనిషి రూపం. పొద్దున అక్కడున్న తివాచీ తీసి ఆపాను పడుకోబెట్టి ఉంటారు. మరి తివాచీ ఎక్కడ పెట్టారో అడుగుదామనుకున్నాడు. చావు ఇంట్లో తివాచీ గురించి అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాడు. అలా ఆ ఒక్క ప్రశ్న కూడా మర్యాదకు బలైపోయింది.

మధ్యాహ్నం నమాజుకు జొహర్ అజాన్ వినిపించింది. అందరూ లేచారు.

"రావ్ సాబ్, నమాజు చేసి వస్తం. మయ్యత్‌ను ఒంటరిగ ఇడువద్దు. జర కూసోన్రి."

గల్లీ ఖాళీ అయింది. ఎండ తెల్లగా కాస్తోంది, షామియానా గుడ్డ కూడా కదలడం లేదు. వామన్‌రావు, డోలా మిగిలారు. పైన ఆపా గదిలో ఫోన్ ఎవరి కోసమో మోగి ఆగింది. దుప్పటి వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. సరిగ్గా ఛాతీ ఉండే చోట దుప్పటి మెల్లగా లేచింది, మెల్లగా దిగింది. మళ్లీ లేచింది.

గాలి అనుకుందామంటే గాలి లేదు. లేచి పోదామంటే మయ్యత్‌ను ఒంటరిగా విడవొద్దన్నారు. అప్పుడు గేటు కిర్రుమంది.

నల్ల బుర్ఖాలో, ఒక కంటి మీద తెల్ల పట్టీతో, గౌసియా ఆపా నిలబడి ఉంది. తెరిచున్న ఒక్క కన్నుతో షామియానా చూసింది, కుర్చీలు చూసింది, డోలా చూసింది.

"అయ్యో. ఎవరు పోయిన్రు రావ్ భాయ్?"

ఆయన కళ్లు ఆమె పాదాల దాకా దిగాయి.

"చెప్పరేంది? అనసూయా?"

"కాదు."

"మరెవరు?"

"మీరే, ఆపా."

ఆపా కంటి పట్టీ సరిచేసుకుంది.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. నిద్రల్నే అంటున్నరు. తకలీఫ్ ఏం కాలేదంట."

"అల్లా మేర్బానీ," అని ఆమె ఒక కుర్చీలో కూర్చుంది.

వామన్‌రావు చేతులు జోడించాడు. "ఆపా, మళ్ల వచ్చిన్రేంది? ఏమన్న మర్చిపోయిన్రా?"

"ఔ. ఫోన్ మర్చిపోయిన. బషీర్‌బాగ్‌ల కండ్ల క్యాంపుకు పోయిన గదా, అనసూయకు చెప్పే పోయిన. కన్నుల మందేసి పట్టీ కట్టిన్రు." ఆమె వంగి ఆయన చేతి మీద గట్టిగా గిల్లింది. నొప్పి పుట్టింది. అంత హాయైన నొప్పి వామన్‌రావు ఎప్పుడూ ఎరగడు.

"నేను గీడ ఉంటే," అంది ఆపా గొంతు తగ్గించి, "గాడ పండుకున్నదెవరు?"

ఇద్దరూ చూశారు. దుప్పటి లేచింది, దిగింది. ఆపా కుర్చీని ఆయన కుర్చీకి దగ్గరగా జరుపుకుంది. ఎత్తి చూద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు.

గల్లీ చివర ఆటో ఆగింది. చెప్పులు లేకుండా ఒక ముసలాయన పరుగెత్తుకొస్తున్నాడు.

"రవూఫ్!" ఆపా గుర్తుపట్టింది. "వీన్నెవరు పిలిచిన్రు?"

"మసీదోళ్లు. మిమ్ముల ముట్టుకునే హక్కు ఆయనకొక్కనికే ఉన్నదంట."

ఆమె దిగ్గున లేచి వరండా స్తంభం వెనక్కి జరిగింది. రవూఫ్ ఎవరినీ చూడలేదు. డోలా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. వాళ్లింటి ఉర్దూలోనే ఏడ్చాడు. వామన్‌రావుకు ఆ భాష సొంత భాషంత వచ్చు కాబట్టి ప్రతి మాటా గుచ్చుకుంది.

"ఆపా, నీకు అబద్ధం చెప్పిన. పెద్దలు తొందర పెట్టిన్రని చెప్పిన. ఎవరూ పెట్టలే. నువ్వొచ్చేదాక ఆగుదాం అన్నరు. నేనే అమ్మను అట్ల చూస్కుంట కూసోలేకపోయిన. భయమైంది. మట్టిచ్చినంక నీ ముఖం చూడనీకి ఇంకా భయమైంది. నన్ను మాఫ్ చెయ్యి. ఒక్కసారి ముఖం చూపియ్యి."

స్తంభం వెనక ఆపా బుర్ఖా అంచు నోట్లో కుక్కుకుంది. ఇన్నేళ్లూ ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే.

రవూఫ్ దుప్పటి లాగాడు. చుట్టిన తివాచీలో దూరి వచ్చి దాని మీదికెక్కి, పొద్దుట్నుంచీ హాయిగా నిద్రపోతున్న మసీదు పిల్లి ఒక్క గెంతు గెంతి ఆయన ఛాతీ మీంచి గోడ దూకింది. ఆయన కేక పెట్టి వెనక్కి తిరిగాడు. వెనక అక్క నిలబడి ఉంది, తెల్ల పట్టీతో, కన్నీళ్లతో, చేతులు చాచి.

రవూఫ్ నిలువునా పడిపోయాడు.

నీళ్లు చల్లగా చల్లగా కళ్లు తెరిచాడు. అక్క ఒడిలో తల ఉంది.

"ఆపా, నేను గూడ పోయిన్నా?"

"ఇంకా లేదు. లే."

సరిగ్గా అప్పుడే నమాజు ముగించుకుని అందరూ తిరిగొచ్చారు. కప్పి వెళ్లిన మయ్యత్ లేచి కూర్చుని ఇంకొకరికి నీళ్లు పడుతోంది. ముందు వరసలో ఉన్నవాళ్లు వెనక వరసలోకి వెళ్లారు, వెనక వరస గల్లీ దాటింది. సదాశివ షామియానా కర్ర పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇఫ్తెఖార్ సాబ్ మాత్రం పారిపోలేదు. ఆయన సెక్రటరీ. కింద పడిన తివాచీ వైపు చాలాసేపు చూశాడు.

"గిది మసీదుదే," అన్నాడు చివరికి నీరసంగా.

మైకులో ఏం చెప్పాలన్నది ఆయనకు పెద్ద చిక్కైంది. తప్పిపోయిన పిల్లల గురించి, నెలవంక గురించి, చావు గురించి ఎలా చెప్పాలో తెలుసు. తిరిగొచ్చినవాళ్ల గురించి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆపా మాత్రం కుర్చీలన్నీ చూస్తూ, "నా కోసం ఇంతమంది వచ్చిన్రా?" అని పదే పదే అడిగింది. ఔనన్నారు. ఆమె మళ్లీ ఏడ్చింది. వండిన దాల్చా చల్లారకముందే తినాలని తన చేత్తోనే అందరికీ వడ్డించింది. కొందరు ఆమె వేళ్లు తగలకుండా ప్లేటు చివర పట్టుకుని తీసుకున్నారు.

అనసూయ వచ్చి సంగతి విని, "పొద్దుగాల నల్లా కాడ నాకు చెప్పే పోయింది గదా. నన్నడిగితే చెప్పకపోదునా?" అంది.

ఒక్క చిక్కు మిగిలింది. ఖబ్రస్తాన్ నుంచి ఫోన్ వచ్చింది, గోరీ తవ్వడం అయిపోయిందని. తవ్విన గోరీ ఖాళీగా ఉంటే ఎవరినో పిలుస్తుందని గల్లీ పెద్దవాళ్ల భయం. పూడ్పించేస్తానన్నాడు ఇఫ్తెఖార్ సాబ్. తన చోటు తాను చూసుకున్నాకే పూడ్చాలని ఆపా పట్టుబట్టింది. తమ్ముడు ఆటో పిలిచాడు, వామన్‌రావు తోడెళ్లాడు.

గోరీ అంచున అక్కాతమ్ముళ్లు పక్కపక్కనే నిలబడ్డారు. కొత్త మట్టి వాసన, లోపల్నుంచి చల్లదనం పైకి వస్తున్నాయి. చుట్టూ ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. వామన్‌రావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మంచిగున్నది," అన్నాడు రవూఫ్ మెల్లగా. "పూడ్వద్దు. నాకుండనియ్యి."

"నీకెందుకు? పెద్దదాన్ని నేను. ముందు నేనే పోవాలె."

"మళ్ల నీ ముఖం మీది దుప్పటి నేను తియ్యలేను ఆపా. నేనే ముందు పోత."

"అంటే నీ ముఖం మీదిది నేను తియ్యాల్నా? అమ్మప్పుడు గట్లనే, ఇప్పుడు గట్లనే. ఎప్పుడు నీ సుఖమే నువ్వు చూస్కుంటవ్!"

"నువ్వెప్పుడన్న నా మాట ఇన్నవా?"

ఇన్నేళ్ల మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చినట్టు గొంతులు పెరిగాయి, ఆపా తమ్ముడి చెయ్యి మాత్రం వదల్లేదు. గోరీ తవ్వినాయన పార భుజాన వేసుకుని, ఇద్దరిలో ఎవరన్నది తొందరగా తేల్చుకుంటే తాను అన్నానికి పోతానన్నాడు.