లిఫ్టు సూపర్‌వైజరు మెట్లెక్కితే

ఆ ఉదయం సూపర్‌వైజరు వేసుకున్న ప్రణాళికలో ఎవరికీ హాని చేసే అంశం ఒక్కటీ లేదు. కొత్త బూట్లు తొడుక్కోవాలి, వీపున సంచి తగిలించుకోవాలి, కింద నుంచి పై అంతస్తులోని తన ఫ్లాటు దాకా మెట్ల మీద నెమ్మదిగా ఎక్కి రావాలి, స్నానం చేసి ఆఫీసుకు పోవాలి. అంతే. కాకపోతే అతను పనిచేసేది లిఫ్టుల కంపెనీలో. ఆ బిల్డింగులో లిఫ్టు బాగోగులు చూసేది కూడా ఆ కంపెనీయే, అంటే అతనే. ఈ చిన్న సంగతి మాత్రం అతని ప్రణాళికలో ఎక్కడా పడలేదు.

మెట్లెక్కమని చెప్పింది గైడు. వచ్చే నెల సూపర్‌వైజరు, అతని భార్య హిమాలయాల్లో నడకకు వెళ్తున్నారు. గుడారాలు మోసుకుపోయేంత సాహసం కాదు. దారి పొడవునా టీ హౌస్‌లనే చిన్న చిన్న బసలుంటాయి. పగలు నడిచి సాయంత్రానికి ఏదో ఒక బస చేరితే పడక, వేడి భోజనం దొరుకుతాయి. అయినా ఎత్తు ఎత్తే. ఫోన్లో గైడు, పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడాడు.

"పెద్ద సామాను పోర్టరు మోస్తాడు సార్. రోజువారీ సంచి మాత్రం మీరే మోయాలి. ఇప్పట్నుంచే బరువేసుకుని మెట్లెక్కండి. పక్కమనిషితో కబుర్లు చెప్పగలిగేంత నిదానంగా ఎక్కండి. మలుపు మలుపుకీ ఆగండి, ఊపిరి తీసుకోండి, నీళ్లు తాగండి. బూట్లు ఇప్పుడే తొడిగి అలవాటు చేసుకోండి, కొత్తవి డబ్బాలోంచి తీసి అక్కడే తొడిగితే ఇక మీ కాళ్లు మీవి కావు. ఇంకొకటి, పైకెళ్లాక తలనొప్పొస్తే నా దగ్గర దాచొద్దు. కొండకంటే దాచేవాళ్లంటేనే నాకు భయం."

సూపర్‌వైజరు అన్నిటికీ సరేనన్నాడు. దాచడం విషయంలో మాత్రం వాళ్లింట్లో అప్పటికే వేరే చట్టం అమల్లో ఉంది.

చట్టం చేసింది భార్య. ఆవిడ బడిలో భూగోళం చెబుతుంది. ఏటేటా నల్లబల్ల మీద పర్వతాలు గీసి, శిఖరాల మీద మంచు కోసం సుద్దముక్కలు అరగదీయడమే తప్ప, ఒక్క మంచుకొండనీ కళ్లతో చూసి ఎరగదు. ఇదివరకు ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఒకసారి కొత్త ఆస్పత్రిలో లిఫ్టులు బిగించే పని వచ్చి పడింది. ఇంకోసారి ఇతనికంటే ముందు మేనేజరే సెలవు పెట్టేశాడు. పోయినసారైతే, పెట్టెలన్నీ సర్దుకున్నాక, ఈ వయసులో సూపర్‌వైజరుకు గవదబిళ్లలు లేచాయి. ప్రతిసారీ అతను ముందుగానే బిల్డింగంతా చాటాడు. ప్రతిసారీ ఆ తర్వాత నెలల తరబడి, ఆవిడ గుమ్మం దాటితే చాలు, "ఏం టీచరమ్మా, మంచు చల్లగా ఉందా?" అని పలకరింపులు.

"ఈసారి రైలు కదిలేదాకా ఒక్క ముక్క బయటికి పొక్కకూడదు," అంది ఆవిడ. "మీ నోరు అసలే తలుపు లేని లిఫ్టు."

"ఒట్టేసి చెప్తున్నా..."

"ఒట్లొద్దండీ. నోరు మూసుకోండి, చాలు."

ఆఫీసులో మేనేజరు కూడా ఒక మెలిక పెట్టాడు. "మీ ఏరియా నుంచి ఒక్క లిఫ్టు కంప్లైంటు కూడా రాకపోతే వెళ్లండి. వచ్చిందా, సెలవు మాట మర్చిపోండి." ఆ మెలికే సూపర్‌వైజరును భయపెట్టింది. ఎందుకంటే ఫ్యాను చప్పుడు చేస్తోందని, బటను వెలగట్లేదని, అద్దంలో మొహం వంకరగా కనిపిస్తోందని, అతను ఉంటున్న బిల్డింగు నుంచే రోజుకో ఫోను వస్తుంది.

ఇన్ని తలనొప్పుల మధ్య అతను సంచిలో బరువు ఏం వేయాలా అని ఆలోచించి, ఆఫీసు గోదాములో చూశాడు. లిఫ్టు ఎంత మోయగలదో పరీక్షించడానికి వాడే ఇనుప బరువులు, ఒక్కోటి ఇటుకంత, ఓ మూల ఖాళీగా పడి ఉన్నాయి. అడిగి కొన్ని తెచ్చుకుని, తువ్వాళ్లలో చుట్టి సంచిలో దింపాడు.

మొదటి రోజే మధ్య అంతస్తు మలుపులో దొరికిపోయాడు. అక్కడ టైలరమ్మ తలుపు బార్లా తెరిచి, మెడలో టేపుతో, జాకెట్టుకు గుండీలు కుడుతోంది. తల మీద ఉన్ని టోపీ, కాళ్లకు డబ్బాల్లాంటి బూట్లు, గోడకు చెయ్యి ఆనించి కళ్లు మూసుకుని ఊపిరి తీస్తున్న సూపర్‌వైజరును చూసి ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"ఏవండీ, లిఫ్టు పనిచెయ్యట్లేదా?"

"భేషుగ్గా పనిచేస్తోందమ్మా."

"మరి మీరు మెట్లెక్కుతున్నారేంటి?"

సూపర్‌వైజరుకు అబద్ధమాడటం చేతకాదు. నిజం చెబితే ఇంట్లో బతకనివ్వరు. అందుకని మధ్యస్థంగా ఒక మాట అన్నాడు.

"అది ఇప్పుడే చెప్పకూడదమ్మా. టైమొచ్చినప్పుడు అందరికీ తెలుస్తుంది."

టైలరమ్మ మొహంలో రంగు మారింది. ఆ సాయంత్రం కొలతలివ్వడానికి వచ్చిన వాళ్లెవరూ లిఫ్టులో దిగలేదు.

మర్నాడు బిల్డింగు సంఘం సెక్రటరీ నోట్లో బ్రష్షుతోనే మెట్ల మీద కాపు కాశాడు. మాట్లాడే ముందు ఎదుటివాళ్ల చేతిలో ఏముంటే అది తీసుకుని చూడటం ఆయనకు అలవాటు. అలవాటు ప్రకారం సంచి అందుకోబోయి, భుజం కిందికి జారి, వంగిపోయాడు. జిప్పు తీశాడు.

"ఇవి లిఫ్టులో పెట్టే బరువులు కదూ?"

"అవునండీ."

"లిఫ్టులో పెట్టే బరువుల్ని మీరెందుకు మోస్తున్నారు?"

"లిఫ్టులో పెడితే లాభం లేదండీ. నేనే మోయాలి."

సెక్రటరీ నోట్లో నురగ అలాగే ఉండిపోయింది. ఇనప ముక్కల్నే నమ్మి ఎక్కించలేని లిఫ్టులో, తన మనవడు రోజూ బడికి దిగుతున్నాడు.

ఆ వారం నుంచి లిఫ్టు ఒంటరిదైపోయింది. తలుపులు తెరుచుకునేవి, ఎవరూ ఎక్కేవారు కాదు, మూసుకునేవి. బియ్యం బస్తాలూ పాల ప్యాకెట్లూ మెట్ల మీదే ఎక్కాయి. పరిస్థితి చక్కదిద్దుదామని సూపర్‌వైజరు ఒకరోజు పనిగట్టుకుని, అందరూ చూస్తుండగా, నవ్వు మొహంతో లిఫ్టెక్కి వెళ్లాడు. "పాపం, ప్రాణాలకు తెగించి పరీక్ష చేస్తున్నాడు," అని కింద నిలబడ్డవాళ్లు కళ్లొత్తుకున్నారు.

"మీరే ఒక్క మాట చెప్పి ఆపొచ్చుగా," అన్నాడు భార్యతో. ఆవిడ, తానొక్కతే లిఫ్టెక్కితే నలుగురూ ఆరా తీస్తారని, బడి పుస్తకాల సంచితో మెట్లెక్కి వచ్చి, సోఫాలో కూలబడి ఉంది. ఎప్పుడైనా భయమేస్తే భార్యను మీరు అనడం అతనికి అలవాటు.

"ఏమని చెప్పను? కొండలకెళ్తున్నామనా? మీ సెలవు కాగితం మీద ఇంకా సంతకమే పడలేదు. ఈసారి కూడా ఆగిపోతే, వీళ్ల నవ్వులు పడటానికి నాకు ఓపిక లేదండీ." బడి సంచి పక్కకు నెట్టి నెమ్మదిగా అంది. "నిజం చెప్పనా, ఆగిపోతుందేమోనని నేను ఉన్ని స్వెట్టర్లు కూడా ఇంకా పెట్టెలోంచి తియ్యలేదు."

సూపర్‌వైజరు మర్నాడు మరింత శ్రద్ధగా మెట్లెక్కాడు. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

గైడు నిదానంగా అన్నాడు కదా అని, ఒక్కో మెట్టు మీద ముందు కాలి మునివేళ్లు ఆనించి, తర్వాత మడమ దించి, బరువు మెల్లగా మోపి, ఒక్క క్షణం ఆగి, రెండో కాలు తీస్తున్నాడు. మలుపులో గోడకు చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంటున్నాడు. సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. టైలరమ్మ తలుపు సందులోంచి ఇదంతా చూసింది. లిఫ్టు సంగతి తెలిసిన మనిషి ఇప్పుడు మెట్లను తడిమి చూస్తున్నాడు, గోడలో పగుళ్ల చప్పుడు వింటున్నాడు, గొంతు తడారిపోయి నీళ్లు తాగుతున్నాడు!

ఆ సాయంత్రం సూపర్‌వైజరు ఆఫీసు నుంచి వచ్చేసరికి బిల్డింగు బిల్డింగంతా కిందే ఉంది. లిఫ్టెక్కడానికి భయం, మెట్లెక్కడానికి భయం. కూరగాయల సంచులు, బడి బ్యాగులు, పొయ్యి మీద కుక్కరు పెట్టి కిందికొచ్చిన ఒకావిడ ఏడుపు. మధ్యలో సెక్రటరీ. సెక్రటరీ పక్కన, ఫోనందుకుని పరుగెత్తుకొచ్చిన మేనేజరు.

"ఏమయ్యా," అన్నాడు మేనేజరు, "లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ జనాన్ని లిఫ్టెక్కొద్దంటున్నావట?"

"నేనేమీ అనలేదు సార్."

"అదేనండీ భయం!" అంది టైలరమ్మ. "ఏమీ అనడు!"

సూపర్‌వైజరు భార్య వైపు చూశాడు. అందరి వెనకా, బడి నుంచి అప్పుడే వచ్చి నిలబడింది ఆవిడ. అతని పెదాలు బిగించే ఉన్నాయి. సెలవు కళ్లముందే పోతోంది, ఉద్యోగం కూడా దాని వెంట బయల్దేరేట్టుంది, అయినా నోరు విప్పలేదు. తలుపు లేని లిఫ్టు అన్నదానికి, ఇతను ఏకంగా తాళమే వేసుకున్నాడు. ఆవిడకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"మేం హిమాలయాలకెళ్తున్నాం," అంది. "దానికోసం ఆయన సాధన చేస్తున్నారు. అంతే."

ఒక్కరూ నమ్మలేదు.

"కొండలెక్కడానికి ఇనుము మోస్తారా ఎక్కడైనా?" అంది టైలరమ్మ.

"అంతే అయితే, ఆ సంచితోనే లిఫ్టెక్కి చూపించమనండి," అన్నాడు సెక్రటరీ.

"ఆయనొక్కడే ఎందుకు, అందరం ఎక్కుదాం రండి!" అని మేనేజరు పౌరుషంగా లోపలికి నడిచాడు. వెనకే టీచరమ్మ, సెక్రటరీ, టైలరమ్మ, కుక్కరావిడ, ఇంకా ధైర్యం తెచ్చుకున్నవాళ్లంతా కూరుకున్నారు. చివరగా సూపర్‌వైజరు తనే మెట్లెక్కి పైనుంచి సంచి తెచ్చి, దాంతోపాటు లోపల అడుగు పెట్టాడు. పెట్టాడో లేదో లిఫ్టు కీచుమని అరిచింది. ఎక్కినవాళ్లంతా ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ బయటికి దూకారు.

"చూశారా! చూశారా!"

"బరువెక్కువైంది, అంతే," అన్నాడు సూపర్‌వైజరు. సంచి తీసి బయట పెట్టి, అందర్నీ ఎక్కమన్నాడు. అరుపు ఆగిపోయింది. తలుపులు మూసుకుని లిఫ్టు బుద్ధిగా పైకి బయల్దేరింది.

ఆ ఇరుకులో ఎవరి మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. మేనేజరే గొంతు సవరించుకున్నాడు. "ముందే చెప్తే ఇంత రభస ఉండేది కాదు కదమ్మా?"

"చెప్పినప్పుడల్లా ఆగిపోయింది సార్," అంది ఆవిడ. "పిల్లలకి ఏటా మంచుకొండలు గీసి చూపిస్తాను. మీరు చూశారా టీచర్ అని ఎవడో ఒకడు అడుగుతాడు. వచ్చే ఏడు చూస్తాలేరా అంటాను. అక్కడ వాళ్లకీ, ఇక్కడ వీళ్లకీ జవాబు చెప్పలేక ఈసారి నోరు మూసుకున్నాం."

మంచు చల్లగా ఉందా అని అందరికంటే ఎక్కువసార్లు అడిగిన టైలరమ్మ, మెడలో టేపు సర్దుకుని, లిఫ్టు నేల వైపు చూసింది.

"అదంతా సరే," అన్నాడు మేనేజరు. ఆయన మనసు కరిగినా నియమం కరగలేదు. "కంప్లైంటు వస్తే సెలవు లేదన్నాను. ఇవాళ వచ్చింది కదా."

సెక్రటరీ ఉలిక్కిపడ్డాడు. టీచరమ్మ వైపు చూశాడు. "నేనెప్పుడిచ్చానండీ లిఫ్టు మీద కంప్లైంటు? నేను ఫోను చేసింది మెట్ల గురించి. మెట్లు మీ కంపెనీవా?"

మేనేజరు జేబులోంచి ఫోను తీసి వెతికాడు. ఇన్ని రోజులుగా ఆ బిల్డింగు నుంచి ఫ్యాను మీద గానీ, బటను మీద గానీ, అద్దం మీద గానీ ఒక్క కంప్లైంటు లేదు. ఎక్కినవాళ్లుంటే కదా! కంపెనీ చరిత్రలోనే ఇలా జరగలేదు. పై అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి సెలవు మంజూరైంది.

ఇక దాచడానికేమీ మిగలలేదు. బయల్దేరిన రోజు బిల్డింగంతా కిందికొచ్చి సాగనంపింది. టైలరమ్మ ఆవిడ ఉన్ని కోటుకు లోపలి జేబు కుట్టి, డబ్బు, కాగితాలు అందులో పెట్టుకోమంది.

కొండ మీద గైడు చెప్పినట్టే అంతా జరిగింది. ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి ఆగిన బసలో సూపర్‌వైజరుకు తలనొప్పి వచ్చింది. దాచొద్దన్నారు కనక, గైడుకూ పోర్టరుకూ వంటాయనకూ, పక్క బల్ల మీద టీ తాగుతున్న ముక్కూమొహం తెలియని దంపతులకూ కూడా చెప్పేశాడు. గైడు నవ్వి ఇంకో రోజు అక్కడే ఆపాడు. భార్యకు మాత్రం ఏమీ కాలేదు. బిల్డింగు పుణ్యమా అని పుస్తకాల సంచితో రోజూ మెట్లెక్కింది కదా, అందరికంటే ముందు నడిచింది. చివరి టీ హౌస్‌లో పొయ్యి చుట్టూ తడి మేజోళ్లు ఆరుతుంటే, ఆవిడ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు.

"ఇన్నాళ్లూ తప్పు గీశానండీ," అంది చివరికి. "తెల్ల సుద్ద సరిపోదు. పొద్దునపూట పసుపు కూడా ఉంది."

దిగేటప్పుడు సూపర్‌వైజరు మోకాళ్లు రెండూ చేతులెత్తేశాయి. ఇల్లు చేరిన సాయంత్రం కుంటుకుంటూ బిల్డింగులోకి అడుగుపెట్టి చూస్తే, సెక్రటరీ, టైలరమ్మ, ఇంకో పదిమంది వీపున సంచులతో, ఉన్ని టోపీలతో, వరసగా మెట్లెక్కుతున్నారు. మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు, నీళ్లు తాగుతున్నారు. మెట్ల మహిమతో టైలరమ్మకు నడుం నొప్పి తగ్గిందట. సెక్రటరీ బెల్టుకు కొత్త చిల్లు పడిందట. వచ్చే ఏడు వాళ్లంతా కొండలకే. "రండి సార్, మీరే ముందు నడవాలి!" అని కేకేశారు.

సూపర్‌వైజరు వాళ్ల వైపు ఒక దండం పెట్టి, నేరుగా వెళ్లి లిఫ్టెక్కాడు.

మెట్ల మీద అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. టైలరమ్మ మెట్ల పక్క కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"ఏవండీ, మెట్లకేమైనా అయిందా?"

"ఇప్పుడేం అడక్కమ్మా, తర్వాత చెప్తాను," అన్నాడు సూపర్‌వైజరు మోకాలు పట్టుకుని. తలుపులు మూసుకున్నాయి.

మర్నాటి నుంచి ఆ బిల్డింగులో ఎవరూ మెట్ల మీద కాలు పెట్టలేదు. లిఫ్టు అద్దంలో మొహం వంకరగా కనిపిస్తోందని పొద్దున్నే ఆఫీసుకు ఫోను వచ్చింది.