పౌలోమీ మత్స్యమస్తక విజయము

సకలచరాచర క్షుద్బాధానివారిణియగు అన్నపూర్ణకు అంజలి ఘటించి, హుగ్లీతీర చందన్‌నగరమున, ఆదివార మధ్యాహ్నమున, ఆవఘాటు గుప్పుమను వంటింటి రణాంగణమున జరిగిన సంగ్రామమును చెప్పెద. ఆకలి యెఱిగినవారు చెవి యొగ్గుదురు గాక!

కంచుగిన్నె సింహాసనముగా, పసుపునూనె పరివారముగా, కట్లచేప తలకాయ కొలువుదీరి యుండెను. తల తిన్నవానికి తెలివి పెరుగునని వంగదేశపు నమ్మిక. కావున అది వంశాంకురమునకే చెందునని, వైధవ్యనియమమున తాను చేప ముట్టని నాయనమ్మ, ఠాకుమా, దూరపు పీటనుండి శాసించెను. వంశాంకురము నాలుగేండ్ల బుబాయి. పిడికెడు జఠరము రెండు పప్పుముద్దలకే నిండగా, అతని పెదవులు కోటతలుపులవలె బిగిసెను.

ఎదుట, నిన్నటి గౌను నేటికి చాలనంతగా ఎముకలు సాగుచున్నదియు, మాసమాసమున రక్తము కోల్పోవునదియు, మొన్న బడి కవాతున కన్నులు తిరిగి కూలి, నెత్తురు చాలదని వైద్యునిచే అనిపించుకొన్నదియునగు పదునాలుగేండ్ల అక్క పౌలోమికి దక్కినది తోకముక్క!

"ఠాకుమా, ఆ తల నాకియ్యి. వాడికి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెడితే చాలు. నాకైతే పళ్లెం నిండా కావాలి. పెరుగుతున్నది నేనే!"

"ఇంకా ఎక్కడికి పెరుగుతావే, తాటిచెట్టూ? ఈ తిండి చూస్తే పెళ్లికొడుకు గోడ దూకుతాడు. బౌమా, ఆ గిన్నె లోపల పెట్టు, బాబు సాయంత్రం తింటాడు."

కోడలు చేయి చాచెను. క్షణము జారిన తల జారును! అంతట కుటిలనీతివిశారదయగు పౌలోమి తమ్ముని చెవిలో మంత్రము వేసెను.

"బుబాయీ, పాపం చేపమామ ఏడుస్తున్నాడురా. ఒక్క ముద్దు పెట్టవూ?"

కరుణార్ద్రహృదయుడు ముద్దిడుటయేగాక, మూతి యంతయు నాకెను.

"ఓరి నీ దుంప తెగ! ఎంగిలి చేశావురా!" అని ఠాకుమా కేకవేసెను.

ఎంగిలి వంటపాత్రల సరసకు చేరరాదు. పారవేసినచో లక్ష్మి యలుగును. రెండును ఠాకుమా వేసిన శాసనములే. స్వశరవిద్ధయై ఆమె మూలిగెను: "మింగవే, రాక్షసీ!"

"తొందరగా తిను. మళ్లీ మనసు మారుతుందేమో," అని తల్లి గొణిగెను.

హక్కుగా రానిది ఎంగిలిగా వచ్చెను. అయిననేమి! కన్ను పీల్చి, చెక్కిలి చీల్చి, మెదడు జుఱ్ఱి, పౌలోమి దిగంతములు మ్రోయ త్రేన్చెను. దేవతలారా, పూలు కురియుడు: వంగభూమిని ఒక ఆడపిల్లకు, ఒక్క పూట, కడుపు నిండెను!