రాయమల్లు టేకోవర్

ఆ పొద్దున రాయమల్లు వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. గని మేనేజరు చెవిన పడేలా ఒక్కసారి "టేకోవర్" అనాలి. అంతే.

గని ఆఫీసులో అటెండర్ పోస్టు ఖాళీ అయింది. బొగ్గు మసి ఉండదు, గనిలోకి దిగే పని లేదు, ఫ్యాను కింద కొలువు. అది పక్క క్వార్టర్ లింగమూర్తిదేనని కాలనీ అంతా తేల్చేసింది. గనిలో నీళ్లు తోడే పంపు దగ్గర డ్యూటీ ఎక్కుతూ లింగమూర్తి "ఐ టేకోవర్ సార్!" అంటాడు. అది విని మేనేజరు ఒకసారి అతని భుజం తట్టాడు. రాయమల్లుదీ అదే పంపు. అతని భుజం జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

"లింగమూర్తి బావ ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఇనబుద్ధయితది. నీ నోరు తినెతందుకే ఉన్నది," అంది భార్య అనసూర్య అంతకుముందు ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ.

రాయమల్లు కంచం పక్కకు నెట్టాడు. కుళ్లంటే అలాంటి ఇలాంటి కుళ్లు కాదు, లోపల కుతకుత ఉడికిపోయాడు. మర్నాడే గోదావరిఖని చౌరస్తాలో టైపు నేర్పే అస్గర్ సారు ముందు కూలబడ్డాడు.

"ఒకరి చేతిల ఉన్న పని మన చేతిలకు తీసుకునుడు టేకోవర్," అన్నాడు అస్గర్. "పాత మేనేజర్ జాగల కొత్తాయన వచ్చి కూసున్నా గదే. పెద్ద కంపెనీ చిన్న కంపెనీని మింగినా గదే. లారీ ఎన్క రాసేది ఓవర్‌టేక్, గది వేరే. సమజైందా? ఇంకోటి భాయ్, టేకోవర్ అన్నంక బాధ్యత మొత్తం అన్నోనిదే..."

ఆ చివరి ముక్క వినడానికి రాయమల్లు ఆగితేగా! అప్పటికే మెట్లు దిగిపోయాడు.

ఉపాయం వేసిన ఆ రోజు అతనికి సెలవు. అయినా ఇస్త్రీ చొక్కా తొడిగి గనికి పోయాడు. అక్కడ పొద్దుటి షిఫ్టు వాళ్లను తెచ్చే మంచిర్యాల బస్సు ఎక్కడో ఆగిపోయింది. రాత్రి డ్యూటీ వాళ్లు గుమ్మాలు పట్టుకుని చూస్తున్నారు. బదులు మనిషి వచ్చి పని అందుకోనిదే కదలకూడదు. అందుకున్నాడా, ఇక క్షణం కూడా ఆగరు.

మేనేజరు గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. పంపు దగ్గరికి బదులు మనిషి నడిచి రావడంతో రాత్రి డ్యూటీ దిగిన లింగమూర్తి ఆయన పక్కన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే రాయమల్లు ఒళ్లు మండింది. గేటు కాపలాదారు సదయ్య ఎదుటికి వెళ్లి గొంతు చించుకుని అరిచాడు. "సదయ్యా! ఐ టేకోవర్!"

సదయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "సల్లగుండు తమ్మీ!" అని కర్ర రాయమల్లు చేతిలో పెట్టి సైకిలెక్కాడు.

మేనేజరు ఇటు తిరగనే లేదు. లింగమూర్తితో మాట్లాడుతూ క్యాంటీన్‌లోకి నడిచాడు. రాయమల్లు కర్రతో సహా వెనకే పరుగెత్తాడు. "పోశం! ఐ టేకోవర్!"

చాయ్ కాసే పోశం గరిటె అతనికి అందించేశాడు. "పాలు పొంగుతయ్, సూస్కో అన్న," అన్న మాట గుమ్మం బయట నుంచి వినిపించింది.

ఈసారి మేనేజరు దీపాల గదికి వెళ్లాడు. అక్కడా లింగమూర్తి తోకలా వెంటే ఉన్నాడు. రాయమల్లు అక్కడా అదే మాట అన్నాడు. తలదీపాలు ఇచ్చే గట్టయ్య తాళంచెవుల గుత్తి అతని జేబులో పడేసి మాయమయ్యాడు.

ఇక చూడాలి తమాషా! గేటు దగ్గర లారీలు హారన్లు మోగిస్తున్నాయి. క్యాంటీన్‌లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పొద్దుటి షిఫ్టులో దగ్గర ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు దీపాల కోసం "ఏందన్నా, గనిల తడుముకుంట నడువాల్నా?" అని కేకలేస్తున్నారు. అదే సమయానికి మేనేజరు పైఅధికారి పెద్ద సాహెబు కారు వచ్చి లారీల వెనక ఇరుక్కుంది.

సాహెబు దిగి నడిచే వచ్చాడు. "ఇక్కడి పనులు ఎవరు చూస్తున్నారు?"

అన్ని వేళ్లూ రాయమల్లు వైపే తిరిగాయి. ఒక చేత కర్ర, ఒక చేత గరిటె. జేబులో తాళంచెవుల గుత్తి గలగలమంటోంది.

మేనేజరుకు చెమటలు పట్టాయి. "లింగమూర్తీ, నువ్వు గేటు టేకోవర్ చెయ్యి!"

లింగమూర్తి లారీల వరసను చూశాడు. రాత్రంతా నిద్రలేని కళ్లు నులుముకున్నాడు.

"సార్, నాకు ఇంగ్లీషు రాదు."

"అన్నా, జర ఒక్కటన్నా పట్టు! నీ కాళ్లు మొక్కుత!" అన్నాడు రాయమల్లు. అతనితో అంత ప్రేమగా మాట్లాడటం అదే మొదలు. లింగమూర్తి అప్పటికే ఇంటిదారి పట్టాడు.

సాహెబు మేనేజరు వైపు తిరిగాడు. "నేను చేస్తానన్నవాడు వీడొక్కడేనా? ఖాళీగా ఉన్న ఆ ఆఫీసు పోస్టు వీడికే ఇవ్వండి."

అలా పోస్టు రాయమల్లుకు వచ్చింది. అనసూర్య వాడంతా చక్కెర పంచింది. ఆ పూట నుంచి బస్సు రాకపోయినా, చాయ్ ఆలస్యమైనా, సారుకు కుర్చీ దొరక్కపోయినా "రాయమల్లూ, టేకోవర్!" అనే పిలుపే. ఫ్యాను ఎటు తిరుగుతుందో చూసే తీరిక కూడా లేదు.

ఒక మధ్యాహ్నం మేనేజరు సారు టిఫిన్ డబ్బా పట్టుకుని రాయమల్లు కాలనీ మీదుగా పరుగెడుతున్నాడు. లింగమూర్తి వాకిట్లో నులకమంచం మీద గురకపెట్టి నిద్రపోతున్నాడు.

"లింగమూర్తి బావ ఎంత నిమ్మళంగ పండిండో సూడు," అంది గుమ్మంలో నిలబడ్డ అనసూర్య.

రాయమల్లుకు ఆ గురక మీద కూడా కుళ్లు పుట్టింది.