సార్ కళ్లద్దాలు తీస్తే

శ్రీకాంత్ సార్ నుంచి "లీవ్ ఓకే" అని మెసేజ్ వచ్చేసరికి డానియల్ పళ్లు తోముకుంటున్నాడు. నోట్లో నురుగుతోనే వంటింట్లోకి పరుగెత్తి గ్రేస్‌కు ఫోను చూపించాడు. పెళ్లయి నెల కావస్తున్నా ఇద్దరూ కలిసి షాద్‌నగర్ దాటలేదు. రేపు బండి మీద మల్లెలతీర్థం జలపాతానికి, దారిలో అచ్చంపేటలో మిర్చి బజ్జీలు. ఆ సంతోషంలో గ్రేస్ ఉప్మాలో ఉప్పు రెండోసారి వేసింది. ఇద్దరూ అదే తిన్నారు, బ్రహ్మాండంగా ఉందనుకున్నారు.

డానియల్ పనిచేసే కంపెనీ నల్లమల తేనెను సీసాల్లో నింపి అమ్ముతుంది. ఆ రోజు యజమానురాలు మంజులత మేడమ్ హైదరాబాద్ నుంచి వస్తోంది. శ్రీకాంత్ సార్‌ను జనరల్ మేనేజర్ చేయాలా వద్దా అన్నది ఆ మీటింగ్‌లోనే తేలుతుంది. అందుకే సెలవుకు ఒక షరతు పుట్టింది. సార్ డానియల్‌ను పక్కకు పిలిచాడు.

"నేనేమంటే నువ్వు గదే అనాలె. నేను కళ్లద్దాలు తీసిన్నంటే నువ్వు ఔననాలె. తప్పినవనుకో, రేపటి సెలవు రద్దు."

"మల్లెలతీర్థం మీద ఒట్టు సార్," అన్నాడు డానియల్.

మీటింగ్ మొదలైంది. తమ దగ్గర ఆరు నెలలుగా ఎవ్వరూ సెలవే పెట్టలేదని చెప్పి సార్ కళ్లద్దాలు తీశాడు. పెళ్లికి తాను వారం పెట్టిన సంగతి డానియల్ మరిచిపోలేదు. అయినా ఔనన్నాడు. మేడమ్ అతని వేలికున్న కొత్త ఉంగరం చూసింది.

"కొత్తగ పెండ్లయినట్టుంది. ఎన్ని రోజులు సెలవిచ్చిన్రు మీ సారు?"

గంట పర్మిషన్ మాత్రమే తీసుకున్నాడని సార్ అందుకున్నాడు. కళ్లద్దాలు దిగాయి.

"ఔను మేడమ్. అండ్ల గూడ పావుగంట మిగిలింది."

మేడమ్ మెచ్చుకోలేదు. పెళ్లికొడుకును గంటలో వెనక్కి పిలిపించారంటే ఇది కంపెనీయా, జైలా అని అడిగింది. సార్‌కు చెమట పట్టింది. తుడుచుకుందామని కళ్లద్దాలు తీశాడు.

"ఔను మేడమ్, జైలే," అన్నాడు డానియల్.

సార్ ఉలిక్కిపడి అద్దాలు పెట్టుకున్నాడు. అవి చెమటకు మసకబారాయి. మళ్లీ తీశాడు. సరిగ్గా అప్పుడే మేడమ్, ఈయన మిమ్మల్ని పీక్కుతింటున్నాడా అంటోంది. డానియల్ కళ్ల ముందు జలపాతం దూకుతోంది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, ఔనన్నాడు. బల్ల కింద సార్ బూటు అతని కాలును తొక్కింది. ఆ గుర్తు గురించి ముందుగా ఏమీ అనుకోలేదు కాబట్టి డానియల్ మర్యాదగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. సెలవిచ్చిన మనిషికి దండం పెట్టుకోకపోతే ఎట్లా అని, గ్రేస్ తల్లిగారింటి సకినాల డబ్బా పట్టుకుని వచ్చింది. వాచ్‌మన్ నోట్లో అప్పటికే రెండు సకినాలు ఉండడం వల్ల అతను ఆమెను ఆపలేకపోయాడు.

"నమస్తే సార్. రేపు మా ఆయనకు సెలవిచ్చిన్రంట. ఇద్దరం మల్లెలతీర్థం పోతున్నం. మీరు సల్లగుండాలె. జర గివి తినుండ్రి."

మేడమ్ మెల్లగా సార్ వైపు తిరిగింది.

"ఎవ్వరు సెలవు పెట్టరంటిరి గదా?"

"సెలవు కాదు మేడమ్, డ్యూటీ," అన్నాడు సార్. అచ్చంపేట అడవిలో తేనె తీసే చోటు చూసి రమ్మని డానియల్‌ను తానే పంపుతున్నానన్నాడు. మరి భార్య ఎందుకంటే, రుచి చూడటానికన్నాడు. ఉప్పూ తీపీ చెప్పడంలో ఆ అమ్మాయి నాలుకకు తిరుగు లేదన్నాడు. కళ్లద్దాల కోసం చెయ్యి ముఖం మీదికి పోయింది. అవి ఎప్పటినుంచో బల్ల మీదే ఉన్నాయి. డానియల్‌కు పొద్దుటి ఉప్మా గుర్తొచ్చింది. అయినా ఔనన్నాడు.

మేడమ్ ఒక సకినం తీసుకుని కొరికింది. ఆమె నమలడం అయ్యేదాకా ముగ్గురూ ఆమె దవడనే చూశారు.

"మంచిగున్నయి. తేనె తీసే జాగా నేను గూడ చూడలే. రేపు నా కార్ల అందరం పోదాం. మల్లెలతీర్థం గూడ చూసొద్దాం. శ్రీకాంత్ గారూ, మీ ప్రమోషన్ సంగతి ఆడ్నే మాట్లాడుకుందాం."

గ్రేస్ డానియల్ వైపు చూసింది. డానియల్ బల్ల మీది కళ్లద్దాల వైపు చూసి ఔనన్నాడు.

పొద్దున ఆరింటికి ప్రయాణమని ఖాయమైంది. ముందు సీటు మేడమ్‌ది. కిటికీలు కొత్త జంటకే ఉండాలని, వెనక సీటు మధ్యలో తాను సర్దుకుంటానని సార్ ఉదారంగా ప్రకటించాడు.