రెండు వందల నలభై హెర్ట్జుల దండయాత్ర

చండమార్తాండుడు నడినెత్తి వీడి పడమటి డాబాల వైపు ఒక్క అడుగు వేసిన వేళ, వీధి వీధంతా కిటికీ తెరలు దించుకొని, వంటిళ్ళలో గిన్నెల చప్పుడు సద్దుమణిగి, సమస్త లోకమూ ఆదివారపు కునుకులో మునిగిన ఆ అపరాహ్ణ శుభముహూర్తమున, లిఫ్టు పనిచేయని ఒకానొక భవనపు మూడవ అంతస్తులో, మడతపెట్టని బట్టలు కుప్పవోసిన మంచానికీ తలుపు సరిగా పడని బీరువాకూ నడుమ, గిరగిర తిరుగు కుర్చీ అను సింహాసనమున ఆసీనుడై, హెడ్‌ఫోన్లను కర్ణకుండలములుగా ధరించి, దక్షిణహస్తమున మౌసును ఖడ్గము వలె బిగించి, ఒక మహావీరుడు చచ్చిపోయెను.

చచ్చినది ఆటలో లెండి. కంగారు పడవలదు.

ఆ వీరుని బిరుదనామము మెరుపు. ఆ బిరుదు ఎవరిచ్చిరని అడుగుదురేమో, తనకు తానే ఇచ్చుకొనెను. వారమంతా కొరియర్ ఆఫీసులో పార్సెళ్ళకు చీటీలు అతికించు ఈ ఇరవై ఆరేళ్ళ పరాక్రమశాలి, ఐదుగురు యోధుల జట్టులో అన్నిటా కడపటివాడు, చావున మాత్రము ప్రథముడు. వరుసగా తొమ్మిది ఆదివారములు, యుద్ధభేరి మ్రోగిన నిమిషములోపే, తక్కిన నలుగురు ఇంకను తుపాకులు ఏరుకొనుచుండగానే, ఎవ్వరును రమ్మనకున్నను ముందుకురికి, తలుపు చాటున నక్కిన శత్రువునకు తేరగా చిక్కుచుండెను.

పదవ ఆదివారమున కూడ అట్లే జరుగగా, హెడ్‌ఫోన్లలో జట్టు కెప్టెన్ గొంతు వినిపించెను. అతడు పనిదినములలో స్కూలు బస్సు నడుపును, సెలవునాడు వీరిని నడుపును.

"ఏరా మెరుపూ, మళ్ళీ నువ్వేనా ఫస్టు? వచ్చే ఆదివారం క్వాలిఫయర్ మ్యాచి. అందులో కూడా నువ్వే ముందు పోయావనుకో, నీ సీటు మా మరదలికిచ్చేస్తా. కనీసం తనకి దాక్కోవడం వచ్చు."

మెరుపు కూర్చున్న కుర్చీని రెండు చేతులా పట్టుకొనెను. నవ్వవలదు, ఇది నిజమైన బాధ. ఆఫీసులో అతనిని "ఆ చీటీల అబ్బాయి" అందురు. పేరు పెట్టి, అది తాను పెట్టుకున్న పేరే అయినను, పిలుచు చోటు లోకమందు ఆ సీటొక్కటే. అది పోయినచో ఆదివారములు ఏమి చేయవలెనో అతనికి తెలియదు.

అంతట ఆ వీరుడు పిడికిలి బిగించి, కుర్చీ కిర్రుమన, ఇట్లు గర్జించెను: "ఓ సేనానీ! దోషము నా భుజములది కాదు, నా చూపుది కాదు, నా బుద్ధిది అసలే కాదు! ఈ జీర్ణ మానిటర్ సెకనుకు అరువదిసార్లు మాత్రమే బొమ్మ మార్చునట్టి మందగామిని! శత్రువులో, సెకనుకు రెండు వందల నలువదిసార్లు మారు తెరలపై రేపటిని చూచుచున్నారు! నేను నిన్నటితో పోరాడుచున్నాను! రెండు వందల నలువది హెర్ట్జుల తెరను గెలిచి తేనిచో నేను మెరుపునే కాను!"

ఇది కథ కోసము పెంచి చెప్పిన మాట. అతడు నిజముగా అన్నది, "నా తప్పు కాదన్నా, మానిటర్ స్లో!"

పిమ్మట ఆరు దినముల ఘోరతపస్సు. మానిటర్లను పోల్చు వీడియోలు నలుబది ఒకటి చూచెను. మిల్లీసెకన్లను గూర్చి ముక్కూ మొగమూ తెలియనివారితో ఇంటర్నెట్టున కలియబడెను. పదునాలుగు మానిటర్లకు పట్టిక గీసి, మార్కులు వేసి, తనకు నచ్చినది ఓడిపోగా మార్కులు దిద్దెను. పార్సెళ్ళకు అతికించవలసిన చీటీలు తారుమారై, ఎవరికో పోవలసిన ప్రెషర్ కుక్కర్ మరెవరి ఇంటికో చేరెను.

ఐదవనాటి సాయంకాలము అతడొక వీడియో చూచుచుండెను. అందు తెరను రెండుగా చీల్చి, ఎడమ అరవై, కుడి రెండు వందల నలభై అని వ్రాసి, రెండింటను ఒకే కారును పరుగెత్తించుచున్నారు. కుడివైపు కారు సొగసునకు వీరుని కనులు చెమర్చెను. అప్పుడే ఇల్లు చేరిన అతని అక్క వెనుక నిలిచి చూచెను. ఆమె కళ్ళద్దాల దుకాణములో చూపు పరీక్షించును. కనబడని అక్షరమును కనబడినట్లు చదువువారిని గొంతు విని పట్టివేయును.

"అక్కా, చూడు! కుడివైపుది ఎంత స్మూత్‌గా పోతోందో! వెన్నపూస!"

"దేంట్లో చూస్తున్నావురా?"

"వీడియోలో."

"అది కాదు, ఏ మానిటర్లో? నీ పాతదేగా! దీనికి అరవై మించి చూపించడం చేతకాదని వారం నుంచి మా బుర్రలు తినేస్తున్నావు. మరి ఆ కుడివైపుది ఎలా చూపిస్తోంది?"

మెరుపు ఆ వీడియోను మూసివేసెను. "నీకు టెక్నాలజీ అర్థం కాదులే అక్కా."

మరునాడు శనివారము. అన్నదమ్ములవలె కాక అక్కాతమ్ముళ్ళుగానే ఇరువురును మానిటర్ల దుకాణ దుర్గమును ముట్టడించిరి. గోడనిండ ఇరువది తెరలు ధగద్ధగాయమానముగా వెలుగుచుండెను. అక్క చూపు పరీక్షల మనిషి కదా, ఊరకుండలేదు. మూడు తెరల క్రింది చీటీలపై తన చున్నీ కప్పివేసెను.

"చీటీ చూడకుండా చెప్పు. ఒకటా, రెండా, మూడా? ఏది రెండు వందల నలభై?"

మెరుపు భ్రుకుటి ముడిచి, ఒంటికన్ను మూసి, మూడడుగులు వెనుకకు వేసి, మూడవదానిని చూపుడువ్రేలితో పొడిచినంత పని చేసెను. "ఇంకా అడగాలా? అదిగో, జలపాతం! ఆ నీళ్ళు చూడు, ఒక్క కుదుపు లేకుండా ఎలా జారుతున్నాయో!"

నెరిసిన మీసాల సేల్స్‌మ్యాన్ గొంతు సవరించుకొనెను. "సార్, అది ఫొటో."

అక్క చున్నీ తీసి మడతపెట్టుకొనెను. మెరుపు చీటీలు చదువుకొని, రెండు వందల నలభై అని ఉన్నదానిని కొనెను.

మూడంతస్తులు మోసి, బిగించి, మీట నొక్కి, మౌసు కదిపిన ఆ తొలిక్షణమున అతని రోమములు నిక్కబొడుచుకొనెను. బాణపు గుర్తును తెరపై సున్నాలుగా త్రిప్పుచు గంటసేపు కూర్చుండెను. "అన్నా, ఇది వేరే లోకం!" అని కెప్టెన్‌కు కబురంపెను. పెట్టెలో వచ్చిన సూచనల పుస్తకముపై టీ గ్లాసు పెట్టుకొనెను.

ఆదివారము. యుద్ధభేరి మ్రోగెను. మెరుపు అలవాటు చొప్పున ఉరుకబోయి, సీటు తలపునకు వచ్చి, తొలిసారిగా ఆగెను. ఒక నీళ్ళ డ్రమ్ము చాటున, ఊపిరి కూడ పీల్చక, ముడుచుకొని కూర్చుండెను. తూటాలు వర్షించెను, గోడలు కూలెను, డ్రమ్ము చాటున మన వీరశిఖామణి కంపించుచుండెను. నిమిషము గడచెను. అంతలో హెడ్‌ఫోన్లలో ఒక ఆర్తనాదము.

"పోయానర్రా!"

అది మెరుపుది కాదు. జట్టులోని పశువుల డాక్టరుది. ఆ ఆనందమున మెరుపు లేచి గంతువేసి, సరిగా ఏడు సెకన్లకు తానును కూలెను.

జట్టు ఓడినది. ఓడిననేమి? కెప్టెన్ నిట్టూర్చి, "సరేలే, మాట మాటే. సీటు నీదే ఉంచుకో," అనెను.

గదిలో మెరుపు "ఇవాళ నేను ఫస్టు పోలేదోచ్!" అని చేసిన సింహనాదము విని అక్క వచ్చెను. వచ్చినామె తెర చూచి మొగము చిట్లించెను. "ఇంత సన్నక్షరాలేంట్రా, కళ్ళు పోతాయ్," అని మౌసు లాగుకొని, అక్షరములు పెద్దవి చేయుటకు సెట్టింగులు తెరచి, అక్కడే ఆగిపోయెను.

"ఒరేయ్, ఇక్కడ అరవై అని ఉందేంటి?"

తెరకు ఎంత వేగమున్నను, కంప్యూటరులో ఆ గడి మార్చినగాని రాదని టీ గ్లాసు క్రింది పుస్తకము మొదటి పుటలోనే కలదు.

అక్క గొంతు మెత్తబడెను. "అంటే నిన్నట్నుంచి నువ్వు చూసిందీ అరవైనే, ఇవాళ ఆడిందీ అరవైనే. పిచ్చోడా, ఇవాళ ముందు పోకుండా నిలబడింది మానిటర్ వల్ల కాదురా. నువ్వే!"

ఆమె అతనిని మెచ్చుకొని ఎన్నేండ్లయినదో! అచ్చమైన కీర్తి, వడ్డించిన విస్తరివలె ముందుకు వచ్చినది. మెరుపు ఒక్క క్షణము దానిని చూచెను. వెంటనే మొగము వికసింప, హెడ్‌ఫోన్లు తగిలించుకొని అరచెను.

"అన్నా! నా తప్పు కాదన్నా! మానిటర్ అరవైలో ఉండిపోయింది! లేకపోతే థర్డ్ పోయేవాణ్ణి!"

అక్క నుదురు కొట్టుకొని, ఆ గడిలో అరవైని రెండు వందల నలభై చేయబోయెను. మెరుపు మెరుపువలెనే, జన్మలో మొదటిసారి, ఆమె చేయి పట్టుకొనెను.

"వద్దక్కా! అది మార్చేస్తే ఇక దేన్ననాలి?"

కావున జనులారా, చాటింపు వినుడు! ఆ అపరాహ్ణమున మెరుపు అను మహావీరుడు, ఐదుగురిలో రెండవ చావును, ఏడు సెకన్ల అధికాయుష్షును, గిరగిర తిరుగు కుర్చీని జయించి, వచ్చే ఆదివారమునకు కావలసిన సాకును చెక్కుచెదరకుండ కాపాడుకొనెను!