పుష్పవతి ఏరుకున్న ట్రాలీ

పుష్పవతి సంచి సర్దుతోంది. రెండు చీరలు, నడుం నొప్పి మందు, కళ్ళజోడు, చెల్లెలికి ఒక సీసా మాగాయ. ఇంకో చీర పెట్టింది, తీసేసింది, మళ్ళీ పెట్టింది. ప్రయాణమంటే ఆవిడకి ఒకపట్టాన తెమలదు. పెరట్లో గోంగూర కోసుకురావడానికి వెళ్తూ కూడా ఇంటికేసి ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే మనిషి.

"జగ్గయ్యపేటకేగా, కాశీకి కాదుగా!" అన్నాడు జగన్నాథరావు పేపరు చాటునుంచి.

"రోజారమణికి ఒంట్లో బాగోలేదండీ."

"నిన్న ఫోన్లో మీ చెల్లెలు నవ్విన నవ్వుకి మన పెంకులు కదిలినయ్. ఏం జబ్బంటా?"

"లోపలి జబ్బు. నవ్వితే కనపడదు."

"అయితే వెళ్ళు. నాలుగు రోజులుండి రా."

పుట్టింటివైపు వాళ్ళ దగ్గర నాలుగు రోజులుండమన్న మొగుడిని అనుమానించాలి. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అంతమాత్రం తెలియక కాదు. కానీ తన పన్నాగం పారిందన్న సంబరంలో పుష్పవతి ఆ పని మరిచిపోయింది.

గొడవంతా గేదె గురించి. దాని పేరు టీచరమ్మ. పాలు చేపడానికి ముందు పితికేవాళ్ళని ఎగాదిగా చూసి, తప్పులు దిద్దినట్టు ఒకసారి ముక్కు ఎగబీల్చేది. అందుకని ఆ పేరు. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళుగా చూలు నిలవలేదు, చుక్క పాలు లేవు. కార్తీకంలో పుష్పవతి కొట్టంలో జారిపడితే, ఇక వంగితే మంచమే గతని డాక్టరు చెప్పాడు. జగన్నాథరావు మోకాళ్ళు అంతకు ముందే రాజీనామా ఇచ్చాయి. గడ్డి కోసేవాళ్ళు లేరు, పేడ తీసేవాళ్ళు లేరు. నందిగామలో పశువుల బేరగాడు దేవరాజ్‌తో ఆయన మాట్లాడి వచ్చాడు.

"రెడ్డిగూడెంలో ఎవరో రైతు మేపుకుంటాడంట" అన్నాడు.

వట్టిపోయిన ముసలి గేదెని మేపుకునే రైతు రెడ్డిగూడెంలోనే కాదు, ఏ గూడెంలోనూ లేడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఇద్దరూ ఆ రైతునే పట్టుకుని వేలాడారు.

పుష్పవతి ఏడ్చింది, పని జరగలేదు. అన్నం మానేసింది. ఆయన కూడా మానేశాడు, దాంతో ఇద్దరికీ నీరసం వచ్చింది. చివరికి బుర్ర పెట్టింది.

"అమ్మండి. కానీ అది ఎక్కే ట్రాలీ మాత్రం నేను చూసి ఏరతా."

దేవరాజ్ తన దొడ్లో మూడు ట్రాలీలు చూపించాడు. "పెళ్ళికూతురుకి కారు చూసినట్టు చూస్తన్నారేంటి పిన్నిగారూ!" అని నవ్వాడు.

మొదటిది కిందికి ఉంది. అడుగున ఇసకపోసి గడ్డి పరిచారు, ఎక్కే పలక వాలుగా ఉంది. పుష్పవతి మూతి విరిచింది. రెండోది ఫర్వాలేదు, అందుకే అదీ వద్దంది. మూడోది పాత ఇనప బండి. తాటిచెట్టంత ఎత్తు, నున్నటి రేకు అడుగు, నిచ్చెనలాంటి పలక. దాన్ని మేక కూడా ఎక్కదు.

"ఇది బాగుంది. గాలి తగులుద్ది" అంది.

"గాలా?" అన్నాడు దేవరాజ్.

"నీకెందుకయ్యా? ఆవిడకి గాలంటే ఇష్టం" అన్నాడు జగన్నాథరావు, నేలచూపులు చూస్తూ.

సోమవారం బండి వస్తుందనగా ఆవిడ ఇదిగో ఇలా సంచి సర్దింది. తను పిలవనిదే టీచరమ్మ గడప కూడా దాటదు. ఆ ట్రాలీ ఎక్కదు. తను ఊళ్ళో ఉండదు. ఇంకేం అమ్ముతాడు?

నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు మెట్టు మీద కాలు పెట్టాక చీర గుర్తొచ్చింది.

పాలు పితికేటప్పుడు కట్టే కాఫీపొడి రంగు చీర. ఆ వాసన ఉంటే చాలు టీచరమ్మకి. ఒకప్పుడు తనకి జ్వరమొస్తే జగన్నాథరావు ఆ చీర చుట్టుకుని, ముసుగేసుకుని, మూడు లీటర్లు పితికాడు. వీధంతా వారం రోజులు నవ్వింది. ఆ చీర కొట్టంలో మేకుకి వేలాడుతోంది. పేడ కంపు కొట్టే చీరని చుట్టాలింటికి ఎవరు పట్టుకెళ్తారు?

పుష్పవతి జీవితంలో మొదటిసారి బేరమాడకుండా ఆటో ఎక్కింది.

చందర్లపాడు దాటి ఊళ్ళోకి వచ్చేసరికి వాకిట్లో ఇనప ట్రాలీ ఉంది. మీసాలకి ముసుగేసుకున్న జగన్నాథరావు కుచ్చిళ్ళు ఎగదోసుకుంటూ పైనుంచి సన్నగొంతుతో "దా అమ్మా, దా" అంటున్నాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఫోన్లు పట్టుకుని నవ్వుతున్నారు. టీచరమ్మ ఆ చీర వెంట నిచ్చెనలాంటి పలక ఎక్కుతోంది.

ముందుకాళ్ళు రేకు మీద పడ్డాయి. జారాయి. మోకాళ్ళ మీద దభీమని పడి అరిచింది. నవ్వులు ఆగిపోయాయి.

"దించండి! కాళ్ళు విరుగుతయ్! ఏం బండండీ ఇది?" అంది పుష్పవతి ఆటో దిగుతూనే.

"నువ్వేరిన బండే" అన్నాడు జగన్నాథరావు.

"నాకు బుద్ధి లేదు. ఆ ఇసక పోసింది తెప్పించండి! నేనెక్కిస్తా!"

అన్నాక గాని తనేమందో ఆవిడకి తెలియలేదు.

"మలుపులోనే ఉంది పిన్నిగారూ. బాబాయిగారు పొద్దున్నే రెండూ తెమ్మన్నారు, ముందు మీరేరిందే పెట్టమన్నారు" అన్నాడు దేవరాజ్, మొహం పక్కకి తిప్పుకుని.

పుష్పవతి మొగుడికేసి చూసింది. "నేను తిరిగొస్తానని తెలుసా?"

"గడపకి కూడా టాటా చెప్పే మనిషివి. దానికి చెప్పకుండా వెళ్తావా?"

కిందికున్న ట్రాలీ వచ్చింది. పుష్పవతి ముందు నడిచింది. "దా" అని ఒక్కసారే అంది. టీచరమ్మ కుంటుకుంటూ, బడికి ఆలస్యమైనట్టు గబగబా ఎక్కేసింది. గడ్డి కనపడితే తలవంచి తినడం మొదలుపెట్టింది. అమ్మిన గొడ్డు పలుపు అమ్మినవాళ్ళకే ఉండాలి గనక, దేవరాజ్ పాత తాడు విప్పి పుష్పవతి చేతిలో పెట్టి, తను తెచ్చిన కొత్తది కట్టాడు. గేదె తల ఎత్తలేదు.

పలక మూశారు. జగన్నాథరావు పమిట చెంగుతో ముక్కు తుడుచుకున్నాడు. ఈసారి వీధిలో ఎవరూ నవ్వలేదు.

టీచరమ్మ వెళ్ళింది రెండువేల ఇరవై నాలుగు ఫిబ్రవరి పన్నెండు, సోమవారం, పదకొండు దాటాక. మళ్ళీ రాలేదు.