విడిభాగం లోవరాజు

సర్వీస్ ఇంజినీరు ఎదురుగా ఉన్నంతసేపే పనిచేసే ల్యాప్‌టాప్ కావడంతో, వారంటీ నిబంధనల ప్రకారం కంపెనీవారు ఆ ఇంజినీరునే దానికి విడిభాగంగా అమర్చి వెళ్లారు. మండపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్క వీధిలో దస్తావేజులు రాసే పెద్దింటి చలమయ్యగారి ముందుగదిలో, పోయిన ఆషాఢంలో జరిగిందిది. అమర్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పదిహేను నిమిషాలు కుర్చీ ఎత్తు సరిచూడ్డానికే పోయాయి.

అంతకుముందు సంగతి కొంత చెప్పాలి. చలమయ్యగారు ముప్ఫయ్యేళ్లుగా దస్తావేజులు రాస్తున్నారు. ల్యాప్‌టాప్ కొన్న మూడో రోజున, ఒక భాగపంపకాల దస్తావేజు సగంలో ఉండగా తెర నల్లబడిపోయింది. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చుని ఉన్నారు. పెద్దవాడికి కొబ్బరితోట రాసేశారు. చిన్నవాడికి ఏమొచ్చిందో తెరలోనే ఉండిపోయింది.

కంపెనీ తరఫున వాసంశెట్టి లోవరాజు వచ్చాడు. నలభై ఒక్కేళ్ల మనిషి. రావులపాలెంలో కాపురం. భార్య, ఒక కూతురు, ఒక మోటారు సైకిలు, దానివల్ల వచ్చిన నడుంనొప్పి అతని సంసారం. అతను గడపలో కాలు పెట్టగానే తెర వెలిగింది.

"బాగానే ఉంది కదండీ," అన్నాడు లోవరాజు.

"ఇప్పుడు బాగానే ఉందయ్యా. ఇందాకటిదాకా శవంలా పడుంది."

లోవరాజు కాగితం మీద ‘లోపం కనబడలేదు’ అని రాసి, చలమయ్యగారి చేత సంతకం పెట్టించుకుని గడప దాటాడు. తెర నల్లబడింది.

ఇలా ఆరుసార్లు అయింది. మధ్యలో చలమయ్యగారు నల్లతెరను ఫోనుతో ఫోటో తీసి కంపెనీకి పంపారు. ఆ ఫోను తమ తయారీ కాదు కనుక అది తీసిన ఫోటోకు వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. కస్టమర్ కేర్ అమ్మాయి మాత్రం చాలా మర్యాదగా మాట్లాడి, ఈ సంభాషణకు ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది. చలమయ్యగారు నాలుగు వేశారు. ఎందుకు వేశారో ఆయనకే తెలియదు.

ఏడోసారి లోవరాజు తనంతట తానే పరీక్షలు మొదలుపెట్టాడు. మనస్సాక్షి ఉన్నవాడు. తన చొక్కా విప్పి కుర్చీకి తగిలించి బనీనుతో వీధిలోకి వెళ్లాడు, తెర వెలగలేదు. గుమ్మం అవతలి నుంచి గట్టిగా మాట్లాడాడు, ఫలితం లేదు. తన పాస్‌పోర్టు సైజు ఫోటో తెర పైన అంటించి వెళితే నాలుగు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. ఈ మూడూ వివరంగా రాసి హైదరాబాదు ఆఫీసుకు పంపాడు.

హైదరాబాదువారు దానిని పదకొండు రోజులు పరిశీలించారు. ఏ భాగం లేకపోతే పరికరం పనిచేయదో, ఆ భాగాన్ని వారంటీ కాలంలో ఉచితంగా సమకూర్చాలని వాళ్ల నిబంధన. ఇక్కడ ఆ భాగం లోవరాజు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఒక అధికారి కారులో వచ్చి, లోవరాజును కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా జేబు మీద వెండిరంగు స్టిక్కరు అంటించాడు. దాని మీద ఒక నంబరూ, ‘చిరిగినచో వారంటీ చెల్లదు’ అన్న మాటా ఉన్నాయి.

"నన్ను ఒరిజినల్ పార్టుల లిస్టులోనే వేశారాండీ?" అని అడిగాడు లోవరాజు.

"ఒరిజినలే. డూప్లికేట్ ఎందుకు వేస్తాం?" అన్నాడు అధికారి.

లోవరాజుకు నిజంగా సంతోషం వేసింది. పదహారేళ్ల ఉద్యోగంలో తన గురించి కంపెనీ అన్న మొదటి మంచి మాట అది. పైగా రోజుకు పద్నాలుగు ఇళ్లు తిరిగే పని తప్పింది. ఫ్యాను కింద కూర్చోవడమే పని. నడుంనొప్పి వారం తిరక్కుండానే తగ్గింది. భార్య పుష్పవేణికి ఫోను చేసి చెప్పాడు.

"ఎప్పుడొస్తావ్ మరి?" అంది పుష్పవేణి.

"వారంటీ ఏడాదే కదే. కళ్లు మూసుకుని తెరిస్తే అయిపోద్ది."

"జీతం ఇస్తారంటా?"

"ఇస్తారు. జీతం పద్దులో కాదంట, మెయింటెనెన్సు పద్దులో."

చలమయ్యగారి భార్య అనంతలక్ష్మిగారికి వచ్చిన చిక్కు వేరు. ఇంటికి వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా ఉండలేదామె. కానీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన పుస్తకంలో, భాగాలకు తడి తగలకూడదనీ, ఆహారపదార్థాలు దూరంగా ఉంచాలనీ రాసి ఉంది. ఆమె కస్టమర్ కేర్‌కు ఫోను చేసింది.

"పులిహోర పెట్టొచ్చామ్మా?"

"ఆయిల్ ఉన్న పదార్థాలు రికమెండ్ చేయం మేడమ్."

"పోనీ మజ్జిగ?"

"టెక్నికల్ టీమ్‌కి పంపిస్తాను మేడమ్. నలభై ఎనిమిది గంటల్లో చెబుతారు."

నలభై ఎనిమిది గంటల తర్వాత, తాలింపు వేయని మజ్జిగ అయితే అభ్యంతరం లేదని మెసేజు వచ్చింది. ఈలోగా అనంతలక్ష్మిగారు అతనికి ఆరుసార్లు భోజనం పెట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దస్తావేజుల పని చురుగ్గా సాగింది. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడికి చెరువుగట్టు పొలం వచ్చిందని తేలింది. చలమయ్యగారు టైపు చేస్తుంటే లోవరాజు ఆయన పక్కనే తెరకు ఎదురుగా కూర్చుని చూసేవాడు. కొన్నాళ్లకు తప్పులు పట్టడం కూడా నేర్చుకున్నాడు. ‘యావదాస్తి’లో ఒత్తు ఎక్కడ పెట్టాలో, సర్వే నంబరు తర్వాత ఏం రాయాలో అతనికి తెలిసిపోయింది. పనిమీద వచ్చినవాళ్లు మొదట్లో, ఈయనెవరండీ, అని అడిగేవారు. ల్యాప్‌టాప్‌తో వచ్చారు అని చలమయ్యగారు చెబితే, ఛార్జరు చూసినట్టు చూసి ఊరుకునేవారు.

మాఘమాసంలో లోవరాజు కూతురు హేమశ్రీకి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. భాగాన్ని పరికరం నుంచి వేరుచేస్తే వారంటీ పోతుంది. అందుచేత కంపెనీవారు ఒక ఫారం పంపారు: భాగం ఎక్కడికి వెళ్తే పరికరమూ అక్కడికే వెళ్లాలి, యజమాని వెంట ఉండాలి. చలమయ్యగారు పంచె కట్టుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, లోవరాజుతో కలిసి ఆటోలో రావులపాలెం వెళ్లారు. వేదిక మీద హేమశ్రీ పక్కన లోవరాజు, లోవరాజుకు ఎదురుగా స్టూలు మీద తెరిచిన ల్యాప్‌టాప్. వచ్చినవాళ్లందరూ పిల్ల మీద అక్షింతలు వేసి, చేతిలో మిగిలినవి ల్యాప్‌టాప్ మీద వేశారు. భోజనాలయ్యేలోపు చలమయ్యగారు అక్కడే రెండు దానపత్రాలు పూర్తిచేశారు. లోవరాజు ఒకచోట అంకె తప్పు పట్టాడు. ఆ రోజు తీసిన ఫోటోల్లో అతను కూతురి వైపు చూస్తున్నది ఒక్కటీ లేదని పుష్పవేణి తర్వాత గమనించింది.

"ఓసారి ఇటు చూడొచ్చు కదా," అంది ఫోనులో.

"చూస్తే ఆగిపోద్దేమోనే, సగం డాక్యుమెంటులో ఉంది," అన్నాడు లోవరాజు.

ఏడాది నిండింది. వారంటీ అయిపోయిందని కంపెనీ నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. చలమయ్యగారికి వచ్చినదానిలో, ఇకపై ఏ మరమ్మతుకైనా రుసుము చెల్లించాలని ఉంది. లోవరాజుకు వచ్చినదానిలో, ఒకసారి వినియోగించిన భాగాన్ని కంపెనీ తిరిగి తీసుకోదని ఉంది. అంటే ఉద్యోగం లేదు. లోవరాజు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే పుష్పవేణి బస్సెక్కి వచ్చి అతన్ని ఇంటికి తీసుకుపోయింది. వాళ్లు గడప దాటగానే తెర నల్లబడింది. అనంతలక్ష్మిగారు లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

రావులపాలెంలో లోవరాజు కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాడు. మాట్లాడలేదు, తినలేదు, పిలిస్తే తల తిప్పలేదు. హేమశ్రీ వచ్చి, నాన్నా, పరీక్షలో నాకు క్లాసులో రెండో ర్యాంకు వచ్చింది, అని మూడుసార్లు చెప్పింది. గోడకు చెప్పినట్టే. పక్కింటావిడ వచ్చి చూసి, ఫోను లాక్కుంటే మా ఆయనా ఇంతేనమ్మా, ఓ రెండ్రోజుల్లో అదే తగ్గుద్ది, అని ధైర్యం చెప్పి వెళ్లింది. తగ్గలేదు. నాలుగో రోజున పుష్పవేణి కస్టమర్ కేర్‌కు ఫోను చేసింది.

"ఏ ప్రోడక్ట్ గురించి మేడమ్?"

"మా ఆయనండి."

"సీరియల్ నంబరు చెప్పగలరా?"

పుష్పవేణి భర్త జేబు మీది నంబరు చదివింది. వారంటీ దాటినా ఒకసారి చూడటానికి మనిషిని పంపిస్తామన్నారు. వచ్చిన ఇంజినీరు లోవరాజు కళ్లలో టార్చి వేశాడు. నాలుగు రకాల ల్యాప్‌టాప్‌లు తెరిచి ముందు పెట్టాడు. చలనం లేదు. ‘భాగంలో లోపం లేదు. జత లేదు’ అని రాసి సంతకం పెట్టించుకున్నాడు.

పుష్పవేణి, హేమశ్రీ కలిసి లోవరాజును బస్సులో కూర్చోబెట్టి మండపేట తీసుకొచ్చారు. చలమయ్యగారి ముందుగదిలో పదకొండు మంది ఎదురు చూస్తున్నారు. లోవరాజును పాత కుర్చీలో కూర్చోబెట్టగానే తెర వెలిగింది. లోవరాజు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"రెండో ర్యాంకా? మొదటిది ఎవరికొచ్చింది?" అని అడిగాడు. ల్యాప్‌టాప్ వైపు చూస్తూనే అడిగాడు. హేమశ్రీ వెళ్లి ల్యాప్‌టాప్ వెనకాల నిలబడి జవాబు చెప్పింది. అలా అయితే నాన్న తనవైపే చూసినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న మిగిలింది. ల్యాప్‌టాప్ చలమయ్యగారిది. లోవరాజు పుష్పవేణి మనిషి. రెండూ విడదీస్తే ఎవరికీ పనికిరావు.

"మీరు పెద్దోరు. మీరే చెప్పండి ఏం చేద్దామో," అంది పుష్పవేణి.

"తగువెందుకమ్మా? ఇలాంటివి ముప్ఫయ్యేళ్లుగా రాస్తున్నాను. ఉమ్మడి అనుభవానికి దస్తావేజు రాసుకుందాం," అన్నారు చలమయ్యగారు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మండపేట, శని ఆదివారాలు రావులపాలెం. పండగలు చెరొకటి. చలమయ్యగారు టైపు చేస్తుంటే లోవరాజు ఎదురుగా కూర్చుని, ఆస్తి వివరం దగ్గర హద్దులు రాయలేదని గుర్తుచేశాడు. తూర్పు ల్యాప్‌టాప్, దక్షిణం కిటికీ, పడమర కుర్చీ వీపు, ఉత్తరం దారి అని రాశారు.

మర్నాడు అందరూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లారు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద తెరిచి, లోవరాజును దాని ఎదుట నిలబెట్టారు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజు ఆసాంతం చదివి, కళ్లజోడు సవరించుకున్నాడు. ఆయనకు ఒకే ఒక్క సందేహం వచ్చింది.

"చరాస్తి అని రాయాలా, స్థిరాస్తి అనా?"

చలమయ్యగారు దస్తావేజు మరోసారి తిరగేశారు. పుష్పవేణి భర్త ముఖంలోకి చూసింది. చివరికి లోవరాజే చెప్పాడు.

"ఏడాది నుంచి నా అంతట నేను ఎక్కడికీ కదల్లేదు కదండీ. స్థిరాస్తి అని వేసుకోండి."

సబ్ రిజిస్ట్రారు అలాగే వేసుకున్నాడు. చలమయ్యగారు సంతకం పెట్టారు. పుష్పవేణి వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు నొక్కి సంతకం పెట్టింది. ఇద్దరు సాక్షులు పెట్టారు. లోవరాజు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

"మీరక్కర్లేదండి," అన్నాడు సబ్ రిజిస్ట్రారు మర్యాదగానే. "ఆస్తి సంతకం పెట్టదు."

"ఆయ్, నిజమేనండి," అన్నాడు లోవరాజు. పెన్నుకు మూత పెట్టేసి, తన హద్దులు సరిగ్గా పడ్డాయో లేదో మరోసారి చదువుకుని, వెనకవాళ్లకు అడ్డం కాకుండా కొంచెం పక్కకు జరిగాడు. అందరూ ల్యాప్‌టాప్‌ను కూడా అటు జరిపారు.